ఎర్రదారం కట్టలు

నిజాం ఏలుబడి నాటి బాన్సువాడలో మా బీడీల దుకాణం నడిపిన అవ్వను తలుచుకుంటే, నాకు ముందు ఆమె పళ్లే గుర్తొస్తాయి. కత్తెర పక్కనే ఉన్నా, కట్టకు కట్టిన దారాన్ని పంటితోనే కొరికేది. మేము ఐదుగురు ఆడవాళ్లం చాటలు ఒళ్లో పెట్టుకుని ఆమె దగ్గర బీడీలు చుట్టేవాళ్లం. రోజూ కొన్ని కట్టలకు తెల్లదారం బదులు ఎర్రదారం కట్టించేది. వాటిమీద వచ్చిన డబ్బంతా రంగూన్ వెళ్లేది. అక్కడి బియ్యం మిల్లులో మూటలు మోస్తూ ప్రాణం విడిచిన ఆమె తమ్ముడు, బతికుండగా మన కూలీల పిల్లల కోసం ఒక రేకుల బడి మొదలుపెట్టాడు. ఆ బడి ఆగకూడదని ఆమె పంతం.

ఆ కట్టలను ఎవరు తాకబోయినా ఒకటే మాట: "ముట్టకు, పోరగాండ్లవి."

వారం వారం దొర మనిషి వచ్చి వెట్టి కింద బీడీలు ఊరికే తీసుకుపోయేవాడు. ఒకరోజు ఎర్రదారం కట్టల మీద చెయ్యి వేశాడు. అవ్వ ఆ చేతి మీద చాటతో ఒక్కటిచ్చింది.

"ఏందే ముసల్దానా! దొర కంటె గా రంగూన్ కూలోళ్ల పోరగాండ్లు ఎక్కువనా?"

"ఎక్కువే. పోయి గీ మాటే చెప్పు దొరకు."

మర్నాడు దుకాణానికి దొర తాళం వేలాడింది. మేము చాటలు చంకన పెట్టుకుని వెనక్కి తిరగబోయాం. అవ్వ మాత్రం అరుగు మీద కూర్చుని, ఇంటి నుంచి తెచ్చిన ఆకుతో ఒక కట్ట బీడీలు చుట్టి, ఎర్రదారం కట్టింది. మిగిలిన దారాన్ని ఆ తాళానికి నాలుగు చుట్లు చుట్టి, పంటితో కొరికింది.

"ఇగ గిది గూడ పోరగాండ్లదే," అంది. "కూసోండ్రి, చుట్టుండ్రి."