చాడీల పెట్టె

ఆ ఆఫీసు గోడల మీద రెండు సూక్తులు వేలాడుతుండేవి. "తప్పు చేయనివాడు ఏ పనీ చేయనివాడే" అని ఒక చట్రంలో, "తప్పులే మన గురువులు" అని ఇంకో చట్రంలో. వాటి కింద కూర్చుని పనిచేసేవాళ్ళలో తప్పు ఒప్పుకున్నవాడు మాత్రం ఒక్కడూ లేడు. గురువులంటే అంత భయభక్తులు.

చాడీలక్క అక్కడ చేరినప్పుడు ఆవిడకా పేరు లేదు. పిల్ల పెద్దదయ్యేదాకా ఇంట్లో ఉండి, నలభై దాటాక మళ్ళీ కంప్యూటర్ల ముందు కూర్చున్న మనిషి. సర్వర్లు పడిపోకుండా చూసుకోవడం పని. ఉద్యోగం తాత్కాలికం. "పనితనం చూసి పర్మనెంట్ చేద్దాం" అన్నాడు యజమాని. పనితనాన్ని ఎలా చూస్తారో ఆయనా చెప్పలేదు, ఆవిడా అడగలేదు.

ఆ కంపెనీ ఊళ్ళో ఆసుపత్రులకు అపాయింట్‌మెంట్లు ఇప్పించే వెబ్‌సైటు నడుపుతుంది. రోగి డాక్టరును ఎంచుకుంటాడు, సమయం ఎంచుకుంటాడు, బటన్ నొక్కుతాడు. ఆ తరవాత జరిగేది కొంతవరకు దైవాధీనం. కుదరకపోతే రోగి ఫోన్ చేస్తాడు. ఫోన్ల దగ్గర కూర్చునే అమ్మాయి ఆ సంగతి సీనియర్ ప్రోగ్రామర్‌కి చెబుతుంది. ఆయన తన కంప్యూటర్లో అదే బటన్ ఒకసారి నొక్కి, "నా మెషీన్‌లో బాగానే పనిచేస్తోందే!" అంటాడు. అందుకే చాటుగా అందరూ ఆయన్ని నా మెషీన్ గారు అంటారు. ఆ తీర్పు రాగానే ఫోనమ్మాయి రోగితో, "మీ ఇంటర్నెట్ ఒకసారి చూసుకోండి సార్" అంటుంది. పాపం రోగికి అప్పటికే ఒక జబ్బుంది. ఇప్పుడు దానికి తోడు అనుమానం.

ఈ తంతుతో విసిగిపోయిన ఓ ఆసుపత్రి మేనేజరమ్మ, "మీ సైటు చెడిపోతే మాకన్నా ముందు మీకు తెలియాలి కదండీ" అని గట్టిగా అడిగింది. అలా తెలిపే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. ఏ పేజీలో, కోడ్‌లో ఏ వరుసలో, ఎవరి ఫోన్లో తప్పు జరిగిందో అప్పటికప్పుడు పట్టి చూపిస్తాయి. చాలామంది వాటిని అద్దెకు తీసుకుంటారు. తప్పులన్నీ ఆ అద్దె కంపెనీవాళ్ళ కంప్యూటర్లకు చేరతాయి.

"మన తప్పులు బయటివాళ్ళ కంప్యూటర్లోనా?" యజమాని కుర్చీలోంచి సగం లేచాడు. "ఇంటి గుట్టు లంకకు చేటమ్మా! మన మెషీన్‌లోనే పెట్టు."

మేనేజరమ్మకు మాత్రం "రోగుల వివరాల గోప్యత దృష్ట్యా" అని కబురు వెళ్ళింది. అది అబద్ధమేం కాదు. రోగి పేరూ జబ్బూ ఊరు దాటకూడదన్నది న్యాయమే. మంచి నిర్ణయాలు చాలావరకు ఇలాగే పుడతాయి: చెప్పే కారణానికీ అసలు కారణానికీ చుట్టరికం ఉండదు, ఫలితం మాత్రం సరిగ్గా ఉంటుంది.

ఆవిడకిచ్చిన మెషీను పాత సామాన్ల గదిలో, కాళ్ళు విరిగిన కుర్చీల మధ్య ఉంది. మెమరీ చాలక సాఫ్ట్‌వేరు సగం ఎక్కి ఆగిపోయేది. పక్కన చచ్చి పడున్న కంప్యూటర్ల పొట్టలు విప్పి మెమరీ చిప్పులు తీసి దీనికి పెట్టింది. రోగుల పేర్లూ ఫోన్ నంబర్లూ పెట్టెలోకి చేరకముందే చెరిగిపోయేలా చేసింది. వెబ్‌సైటు ప్రతి పేజీకీ ఈ పెట్టె చిరునామా తెలిపే నాలుగు ముక్కల కోడ్ తగిలించింది. చివరికి తనే కావాలని ఓ తప్పు చేసి చూసింది. అది తెర మీద ఎర్రగా ప్రత్యక్షమవగానే ఆ గదిలో ఒక్కతే నిలబడి చప్పట్లు కొట్టింది. తన తప్పు పట్టుబడిందని సంబరపడ్డ ఉద్యోగి ఆ ఆఫీసులో ఆవిడే మొదలు.

సంబరం ఆవిడతోనే ఆగిపోయింది. మధ్యాహ్నానికి తప్పులు చీమల బారులా రావడం మొదలుపెట్టాయి. ప్రతిదాని పక్కనా ఆ కోడ్ రాసిన మనిషి పేరుంది.

"ఏంటక్కా ఇది, చాడీల పెట్టె తెచ్చి నెత్తిన పెట్టావ్?" అన్నారెవరో. ఆ పూటే దానికీ ఆవిడకీ నామకరణం అయిపోయింది.

నా మెషీన్ గారు కళ్ళజోడు సవరించుకుని వచ్చారు. "మేడమ్, మీ పెట్టెకి ఏది తప్పో ఏది కాదో తెలియడం లేదు. ఇవన్నీ చిన్న చిన్నవి."

"మీ పేరు మీద ఎక్కువున్నాయని కాదు కదండీ?"

"ఛ ఛ! ఎక్కువ పని చేసేవాడికి ఎక్కువుంటాయ్. గోడ మీద రాసుంది చూడండి."

యజమానికి ఇంకో బాధ. తప్పు జరిగినప్పుడల్లా పెట్టె ఆయనకు ఈమెయిల్ పంపేది. కాఫీ తాగుతుంటే ఒకటి, అద్దంలో జుట్టు దువ్వుకుంటుంటే ఒకటి. రెండో రోజుకే ఆయన ఓ ఉత్తర్వు వేశాడు: పెట్టె నుంచి వచ్చే హెచ్చరికలన్నీ, ఎవరికి వచ్చినా, తిన్నగా ఒక ఫోల్డర్‌లోకి పోవాలి. దానికి "తర్వాత చూద్దాం" అని పేరు కూడా తనే పెట్టాడు. ఆ ఫోల్డర్ తెరిచే బాధ్యత మాత్రం ఎవరికీ అప్పగించలేదు. బదులుగా హాల్లో ఓ పెద్ద తెర పెట్టించి, గత ఇరవైనాలుగు గంటల్లో వచ్చిన తప్పుల సంఖ్య ఒక్కటే కనిపించేలా చేయమన్నాడు.

"వారం పాటు అక్కడ సున్నా నిలబెట్టమ్మా," అన్నాడు. "ఆ రోజే నీ పర్మనెంట్ ఆర్డరు. మేనేజరమ్మ ఎదురుగా ఇస్తాను."

పనితనాన్ని ఎలా చూస్తారో అప్పటికి తేలింది.

ఇంట్లో ఈ మాట చెబితే ఆవిడ భర్త పొంగిపోయాడు. ఆయన డ్రైవింగ్ నేర్పుతాడు. పక్కసీటు ముందు కూడా బ్రేకున్న కారు ఆయనది. జీవితమంతా ఎదుటివాళ్ళ తప్పులకు తన కాలు అడ్డుపెట్టి బతికిన మనిషి కనక శాంతి విలువ తెలుసు. వెంటనే తల్లి దగ్గరికెళ్ళాడు.

"అమ్మా, తనకిది ముఖ్యమైన వారం. గిన్నె అలా పెట్టావేం, తలుపు ఇలా వేశావేం అని వంకలు పెట్టకు. ఒక్క వారం నోరెత్తకు. నీకు పుణ్యముంటుంది."

ఆ ఇంట్లో తప్పులు పట్టే ఏర్పాటు సాఫ్ట్‌వేర్లు పుట్టకముందు నుంచీ ఉంది. దానికి మెమరీ కొరత కూడా లేదు, కోడలు కాపురానికొచ్చిన రోజు ఒలకబోసిన పాలు ఇప్పటికీ గుర్తే. అలాంటి అత్తగారు కొడుకువంక తేరిపార చూసి, "సరే" అంది. అన్నమాట ప్రకారం నోరు మూసుకుంది.

సరిగ్గా ఆ వారమే నా మెషీన్ గారు అపాయింట్‌మెంట్ పేజీకి కొత్త వెర్షన్ ఎక్కించారు. ఆ పూట తెర మీది అంకె జాతర గుర్రంలా ఎగిరి, సాయంత్రానికి కదలడం మానేసింది. మర్నాటికి సున్నా. ఆ మర్నాడూ సున్నా.

"కొత్త వెర్షన్ కుదురుకుందండీ," అన్నారు నా మెషీన్ గారు, మీసం మీద చెయ్యేసి.

చాడీలక్క కూడా నమ్మింది. నమ్మితే ఉద్యోగం పర్మనెంటవుతుంది, ఇలాంటి నమ్మకాలకు రుజువులతో పని లేదు. ఇంటికొస్తే అక్కడా ప్రశాంతతే. అత్తగారు పల్లెత్తు మాట అనడం లేదు. "పెద్దావిడ ఎంత మారిపోయారో!" అనుకున్నారు మొగుడూ పెళ్ళాం, మంచి రోజులొచ్చాయని.

వారం నిండే ముందురోజు సాయంత్రం అత్తగారు కంచం ముందు కూర్చుని, ముద్ద కలిపి, తినకుండా లేచింది. దీపం వెలుతురు ఆవిడ మొహమ్మీద పడింది. ఎడమ బుగ్గ బన్నులా ఉబ్బి ఉంది.

"అత్తయ్యా! ఏంటిది, ఎప్పట్నుంచీ?"

"వారమవుతోంది. పన్ను."

"వారం నుంచీ చెప్పకుండా ఎలా ఉన్నారు?"

"మీ ఆయనేగా నోరెత్తొద్దంది."

"అమ్మా, నేనన్నది వంకల గురించి!" అన్నాడు కొడుకు.

"ఏది వంకో ఏది నొప్పో నాకేం తెలుసురా. అన్నీ కలిపి మూసుకున్నా."

కోడలు గబగబా ఫోన్ తీసి, తమ కంపెనీ వెబ్‌సైటు తెరిచి, పళ్ళ డాక్టరును ఎంచుకుని, పొద్దున్న సమయం చూసి బటన్ నొక్కింది. చక్రం తిరిగింది. తిరుగుతూనే ఉంది. "మళ్ళీ ప్రయత్నించండి" అంది. మళ్ళీ ప్రయత్నించింది. భర్త ఫోన్లోంచి ప్రయత్నించింది. మొదట ఆవిడకొచ్చిన ఆలోచన అత్తగారి గురించి కాదు: అయ్యో, రేపు పండగనగా నా చేత్తోనే సున్నా పాడుచేశానే!

పెట్టెలో ఏముందో ఆఫీసు గడప దాటి కనపడదు, యజమాని పట్టుదల అది. ఇంకా ఆఫీసులోనే ఉన్న ఫోనమ్మాయికి చేసింది.

"తెర మీద ఎంతుందో చూసి చెప్పవా?"

"సున్నానే అక్కా! రేపటికి కేకు కూడా చెప్పేశారు. ఫోన్లే, వారం నుంచి ఊపిరి పీల్చుకోనివ్వడం లేదు. అందరికీ ఇంటర్నెట్ చూసుకోమనే చెబుతున్నా."

చాడీలక్క ఫోన్ పెట్టేసి అత్తగారి బుగ్గవంక చూసింది. తర్వాత అంది: "పెట్టె చచ్చిపోయిందండీ. తప్పులు లేక కాదు సున్నా. వాటిని చెప్పేదే లేక."

భర్తకు అర్థం కావడానికి కాస్త టైం పట్టింది. అర్థమయ్యాక గొంతు తగ్గించాడు. "రేపొక్క పూట ఊరుకోరాదూ? కాగితం చేతికొచ్చాక లేపుకో దాన్ని. వారం చచ్చింది, ఇంకో పూట చస్తే ఏం?"

"ఊఁ," అంది ఆవిడ. ఒప్పుకున్నట్టు కూడా వినిపించింది.

పొద్దున్నే అపాయింట్‌మెంట్ లేకుండానే వెళ్ళి డాక్టరు గుమ్మం ముందు కూర్చుంటామని తల్లీకొడుకులు బయల్దేరారు. అత్తగారు పక్కసీట్లో, తన కాలి ముందున్న బ్రేకు చూసుకుంటూ కూర్చుంది. వీధి మలుపు తిరిగేలోపే కారు రెండుసార్లు ఉన్నట్టుండి ఆగింది. మాట్లాడొద్దన్నారు గానీ తొక్కొద్దనలేదు.

చాడీలక్క ఆఫీసులో అందరికన్నా ముందు సామాన్ల గదిలోకెళ్ళింది. అనుకున్నంతా అయింది. కొత్త వెర్షన్లో బటన్ నొక్కిన ప్రతివాడికీ ఒకటే తప్పు. అది పేరుకుని పేరుకుని డిస్క్ నిండిపోయి, ఇక చాలు బాబోయ్ అని పెట్టె కొత్తవి తీసుకోవడం మానేసింది. డిస్క్ నిండుతోందని అది చివరిదాకా మొత్తుకుంటూనే ఉంది. ఆ మొత్తుకోళ్ళన్నీ "తర్వాత చూద్దాం"లో భద్రంగా ఉన్నాయి.

యజమాని గదిలోకెళ్ళింది. ఆయన ప్రసంగం బట్టీ పడుతున్నాడు.

"సార్, పెట్టె పనిచేయడం లేదు. ఆ సున్నా నిజం కాదు."

"అంటే తప్పులున్నాయా?"

"ఉన్నాయి సార్. బుకింగులు పోతున్నాయి. నిన్న మా అత్తగారిది కూడా."

"ఎన్నున్నాయో తెలుసా?"

"లెక్కపెట్టేదే ఆగిపోయింది కదా సార్."

"ఎన్నో తెలీనప్పుడు ఉన్నాయని ఎలా అంటావమ్మా?" ఆయన నవ్వాడు. "కేకు కోశాక చూద్దాం. నీ మంచికే చెబుతున్నా. ఆర్డరు జేబులో ఉంది."

జేబు తట్టి చూపించాడు కూడా.

ఆవిడ తిరిగి సామాన్ల గదికొచ్చి, విరిగిన కుర్చీ చేతిమీద ఆనుకుని నిలబడింది. ఈపాటికి ఊళ్ళో ఎందరు బుగ్గలు పట్టుకుని చక్రం తిరగడం చూస్తున్నారో. వాళ్ళకి పక్కసీట్లో బ్రేకు కూడా లేదు. పాత తప్పులన్నీ తుడిచేసి డిస్క్ ఖాళీ చేసింది. పెట్టెను మళ్ళీ నడిపించి, చేతులు దులుపుకుని హాల్లోకెళ్ళి వెనక వరుసలో నిలబడింది.

యజమాని ఒక చేత్తో చాకు పట్టుకుని మాట్లాడుతున్నాడు. పక్కన మేనేజరమ్మ. వెనక తెర మీద సున్నా.

"తప్పులే మన గురువులు. ఆ గురువుల దగ్గర చదువు పూర్తిచేసి మనం..."

సున్నా ఒకటైంది.

"...ఈ రోజు ఈ స్థాయికి..."

ఏడు. ఇరవై. అందరి కళ్ళూ పెద్దవయ్యాయి. తన మాటలకే అనుకుని ఆయన గొంతు ఇంకొంచెం పెంచాడు. అంకె పరుగెత్తింది. నా మెషీన్ గారు గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటూ, ఎవరూ అడక్కముందే, "నా మెషీన్‌లో అపాయింట్‌మెంట్ పేజీ పొద్దున్న కూడా..." అని మొదలుపెట్టారు.

మేనేజరమ్మ తెరకు దగ్గరగా వెళ్ళింది. "ఆ పేజీయా? మా రోగులు నొక్కేదీ అదే కదూ? అంటే వారం నుంచీ మా రోగుల ఇంటర్నెట్ బాగానే ఉందన్నమాట!"

యజమాని వెనక్కి తిరిగి చూశాడు. మళ్ళీ ముందుకు తిరిగేసరికి ఆయన మొహంలో కొత్త ప్రసంగం తయారై ఉంది. ఆ ప్రతిభకు మాత్రం దణ్ణం పెట్టాలి.

"చూశారా మేడమ్! మీ కళ్ళముందే పట్టేసింది. ఇందుకే మా సొంత మెషీన్‌లో పెట్టించాను!"

"పెట్టిందెవరు?" అంది మేనేజరమ్మ.

వెనక వరుస తనంతట తనే విడిపోయింది. పెట్టెను అంతలా పొగిడాక దాన్ని పెట్టిన మనిషిని ఇంటికి పంపడం ఎంతటివాడికైనా కష్టం. యజమాని జేబులోంచి కాగితం తీసి ఇచ్చాడు. ఇస్తూ పళ్ళు బిగించి, ఆవిడకొక్కదానికే వినపడేలా, "కేకు కోశాకన్నాను కదమ్మా" అన్నాడు. మధ్యాహ్నానికి పాత వెర్షన్ వెనక్కొచ్చింది. రోగులకు అపాయింట్‌మెంట్లు దొరకసాగాయి. పెద్ద తెర స్థానంలో మూడో సూక్తి వెలిసింది. ఆవిడ ఉద్యోగం పర్మనెంటే, కుర్చీ మాత్రం ఆ రోజు నుంచి సామాన్ల గదిలో, పెట్టె పక్కన. హెచ్చరికలు ఇప్పుడు ఆవిడకి తిన్నగా వస్తాయి. "తర్వాత చూద్దాం" ఫోల్డర్ మాత్రం యజమాని తనకోసం అట్టేపెట్టుకున్నాడు.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి అత్తగారు పన్ను పీకించుకుని, దూది కరుచుకుని కుర్చీలో కూర్చుని ఉంది. రేపటిదాకా మాట్లాడకూడదని డాక్టరు చెప్పాడట.

"అత్తయ్యా, ఉద్యోగం పర్మనెంటైంది," అంది కోడలు, చెప్పులు విడుస్తూ.

అత్తగారు కళ్ళతోనే సంతోషించింది. తర్వాత వేలెత్తి గుమ్మంవైపు చూపించింది. చెప్పులు ఒకటి ఇటూ ఒకటి అటూ పడి ఉన్నాయి. కోడలు వెనక్కెళ్ళి వాటిని జత చేసి పెట్టింది. వేలు అప్పటికే వంటింటివైపు తిరిగింది.