పంచె మీద ఎర్ర రంగు

పందొమ్మిది వందల అరవైల్లో ధర్మవరంలో నాకు పట్టు మగ్గాలుండేవి. పనిలో మాట్లాడితే కూలి కోస్తానని నేతగాళ్లను బెదిరించాను. షెడ్డు మూగబోయింది.

ఒకరోజు నా పెళ్లిచూపులకు పెనుకొండ బయలుదేరుతూ, పని చూడబోయి, పట్టు నూలుకు వేసే రంగు ఒలికి ఇంకా ఆరని బల్ల మీద కాసేపు కూర్చున్నాను. అందరూ చూశారు, ఎవరూ పలకలేదు.

పెనుకొండలో పిల్ల అవ్వ, "ఏమప్పా, యాడ కూచోని వచ్చినావు?" అంది. చూసుకుంటే తెల్లపంచె వెనకంతా ఎరుపు. లోపల ఆడవాళ్లు పకపకా నవ్వారు. సంబంధం తప్పిపోయింది.

తిరిగొచ్చి, "ఒక్కరన్నా చెప్పకూడదా?" అని అరిచాను.

పెద్ద నేతగాడు ఓబులేసు మగ్గం ఆపకుండానే, "పంచె నీది, కూలి మాది కదప్పా" అన్నాడు.

సిగ్గుపడి ఆ ఆంక్ష అప్పుడే ఎత్తేశాను. మర్నాటి నుంచి మాటలూ నవ్వులూ మొదలయ్యాయి, పనీ చురుగ్గా సాగింది. చాలా రోజులు ఆ మాటలన్నీ నా పంచె గురించే. వాళ్ల నోళ్లు కట్టేసిన పాపం నాదే కనుక, కూర్చుని విన్నాను.