తీగ నా వేళ్ల మధ్య ఉండగా

దయ్యాలంటే నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. ఎవరైనా ఆ కబుర్లు మొదలుపెడితే "పనీపాటా లేదా?" అని కసురుకునే రకం నేను. ఇప్పటికీ కసురుకుంటాను. కానీ ఇది మాత్రం నాకే జరిగింది.

గోదావరిఖనిలో ఒక భూగర్భ గనికి రేడియో డబ్బాలు బిగించే పని మాది. మా వాకీటాకీలు నడిచేది మైక్రోవేవ్ సిగ్నల్ మీద. అది రాయిలోంచి పోదు. అందుకని పైనున్న డబ్బా దాన్ని వెలుతురుగా మార్చి, వెంట్రుకంత గాజు తీగలోంచి కిందికి పంపుతుంది. కింది డబ్బా దాన్ని మళ్లీ సిగ్నల్‌గా మారుస్తుంది. తీగ లేకపోతే మాట లేదు.

పై డబ్బా దగ్గర నేను, కింది డబ్బా దగ్గర మల్లయ్య కాక ఉండేవాళ్లం. చాలా ఏళ్ల సర్వీసు. బ్లాస్టింగ్ వేళ కాపలా పెట్టిన మనిషి, తనను పెట్టినవాళ్లే పిలిచేదాకా కదలకూడదని గనిలో కట్టుబాటు. కాక దాన్ని ప్రతి పనికీ పాటించేవాడు. ఇంకెవరు పిలిచినా ఉలకడు, పలకడు.

ఆ రోజు మొదటి షిఫ్టులో మాట సరిగా వినబడలేదు. తీగ కొసకు బొగ్గుదుమ్ము పట్టిందనుకున్నాను. "కాకా, డబ్బా కాడనే ఉండు, నేను పిలిచేదాకా కదలకు" అని చెప్పి తీగ ఊడదీశాను. వాకీటాకీ ఆపేసి బల్ల మీద పెట్టాను. కూనిరాగం తీస్తూ స్పిరిట్ గుడ్డతో కొస తుడుస్తున్నాను.

తీగ ఇంకా నా వేళ్ల మధ్యే ఉంది. గని ఫోను మోగింది, దాని లైను వేరు. కాక.

"మంచిగ పిలిచినవ్ బిడ్డా! నేనిట్ల పక్కకు వచ్చిన్నో లేదో, పైకప్పు కూలింది. డబ్బా నుగ్గునుగ్గయింది."

ఆయన్ను అక్కడ నిలబెట్టింది నేనే. అంత పెద్ద మనిషి నా మాట మీద చచ్చిపోయేవాడు. ఫోను పట్టుకునే ఏడ్చేశాను.

కాక షిఫ్టు దిగి పైకి వచ్చాక అసలు సంగతి చెప్పాను. నేను పిలవలేదన్నాను.

"పిలువకపోవుడేంది? వాకీటాకీల 'కాకా, జల్ది ఇటు రా' అన్నవ్. నీ గొంతు నేనెరుగనా?"

కింద గని మలుపు దగ్గర పనిచేస్తున్న ఫిట్టర్ కూడా విన్నానన్నాడు. పై డబ్బా రికార్డు తీసి చూశాను. తీగ ఊడి ఉన్నంతసేపూ అందులోకి వెలుతురు వెళ్లనే లేదు. మా పెద్ద ఇంజనీరుకు చూపించాను. ఆయనకూ అంతుపట్టలేదు. ఇప్పటికీ నాకూ అంతే.

కాకకు మాత్రం ఏ ఫికరూ లేదు. చాయ్ ఊదుకుంటూ నవ్వాడు.

"పిలువలేదా? సరే తియ్యి. కిందికి దిగినోళ్లను నువ్వు గట్లనే పిలువకుండ పిలుస్తనే ఉండు బిడ్డా."

సరే కాకా, అన్నాను. ఇంకేమనాలి?