బాపు తట్టి చూసిన డబ్బా

ఇవాళ మా ఇంటి కంప్యూటర్లో పండ్ల డబ్బా ఆడాను. పాత జూదం మిషన్లను ఉన్నవి ఉన్నట్టు తెరమీద నడిపించే ఎమ్యులేటర్ ఒకటి దొరికింది. చెర్రీల, నిమ్మకాయల బొమ్మలు టకటకమంటూ తిరగగానే మా క్వార్టర్లోని బొగ్గుపొయ్యి వాసన ముక్కుకు తగిలింది.

గోదావరిఖనిలో పెరిగినవాళ్లూ, బస్టాండు వెనక వీడియోగేముల దుకాణం గుర్తుందా? మూలన ఉండేది ఈ డబ్బానే. జీతం రోజు మా నాన్న, అదే మా బాపు, బొగ్గుబాయిలో డ్యూటీ దిగి, నా చెయ్యి పట్టుకుని నేరుగా అక్కడికే నడిచేవాడు. రూపాయి బిళ్ల వేసేముందు డబ్బాను వేలి కణుపులతో తట్టి, చెవి ఆనించి వినేవాడు.

“బాయిల రూఫ్ గిట్లనే తట్టి చూస్తం బిడ్డా. డొల్లగ మోగిందంటే కూలుతదన్నట్టే. ఇది గూడ ఇయ్యాల కూలుతది, బిళ్లలన్ని రాల్తయ్, సూడు.”

నా బడి చెప్పులు, అమ్మ పండుగ చీర, అన్నీ ఆ డబ్బాలోకే పోయాయి.

“ఇంకెన్నడు కూలుతది?” అని అమ్మ అరిచేది.

“జర ఆగు, డొల్లగనే ఉన్నది” అనేవాడు.

ఎమ్యులేటర్లో డబ్బా లోపలి సెట్టింగులు కూడా తెరుచుకుంటాయి. ఆడేవాడికి ఎంత తిరిగివ్వాలో దుకాణంవాడే పెట్టుకునే మీట ఒకటి కనిపించింది. దాన్ని పైకి జరిపాను. తెర నిండా బిళ్లలు రాలాయి. బాపుకు చూపిద్దామంటే ఆయన లేడు.

బాయిలో ఆ చెవి ఎందరినో బతికించింది. ఇక్కడా అది తప్పు వినలేదు. డబ్బా నిజంగానే డొల్లగా ఉండేది. మేం వెళ్లేలోపే దుకాణంవాడు దాన్ని ఖాళీ చేసుకునేవాడు.