బాయిని మోసం చేసిందెవరు?

టీచరు ఉద్యోగం వచ్చి మెట్‌పల్లి నుంచి ఆదిలాబాద్ చేరాక, ఓ మరాఠీవాళ్ల ఇంట్లో మేడ మీది గది అద్దెకు తీసుకున్నాను. కింద అత్తా కోడళ్లు ఉండేవారు. కోడలికి అంగన్‌వాడీలో చేరాలని కోరిక. అందుకు తెలుగు చదవడం, రాయడం రావాలి. అత్త ఒప్పుకోదన్న భయంతో, బట్టలు ఆరేసే వంకన మేడెక్కి నా దగ్గర అక్షరాలు దిద్దుకునేది. నన్ను "బాయి" అని పిలిచేది. మరాఠీలో టీచరమ్మను అలాగే అంటారు.

ఉన్నట్టుండి రావడం మానేసింది. ఓ పొద్దున నేను మెట్లు దిగుతుంటే, వంటింట్లోంచి ఎవరితోనో ఫోన్లో అంటోంది: "మలా బాయినీ ఫసవలం."

అక్కడే ఆగిపోయాను. ఫసాయించుడు మా దగ్గరా ఉన్న మాటే. బాయిని అంటే నన్ను. అంటే వీళ్లు నన్ను మోసం చేశారన్నమాట! దేంట్లో? కరెంటు మీటరు మీదికి పోయింది మనసు. వాళ్ల దగ్గర పోయించుకునే పాలు పలచగా కనబడ్డాయి. బడికి వెళ్తూ తాళం లాగి లాగి చూసుకునేదాన్ని. కోడలు ఎదురైతే మొహం తిప్పుకునేది. తప్పు చేసింది కాబట్టే అనుకున్నాను.

ఆగలేక, బడిలో మరాఠీ వచ్చిన తోటి టీచరుకు ఆ మాట వినిపించాను.

"మన తెలుగు 'ని' కాదది మేడం," అందావిడ. "మరాఠీల పేరు ఎనుక 'నీ' వస్తే, ఆ పని చేసింది వాళ్లే అని. 'మలా' అంటే నన్ను. బాయే నన్ను ఫసాయించింది అంటుందామె."

మోసం చేసింది నేనట!

ఆ సాయంత్రమే కిందికి వెళ్లి, అత్త ముందరే అడిగాను. "నువ్వు ఫోన్ల అన్నది విన్న. నేనేం జేసిన? జర చెప్పు."

కోడలు తలెత్తలేదు. "నేను సదువుతున్న అని మీరే అత్తకు జెప్పిండ్రు. ఇంకెవ్వలకు ఎరుక, బాయి?"

బియ్యం చెరుగుతున్న అత్త చేట పక్కన పెట్టింది. "నాకెవ్వలు జెప్పలే. మొన్న బస్టాండ్ల తెలుగు బోర్డు చూసి లక్సెట్టిపేట అని సదివింది గదా, గప్పుడే సమజైంది. సదివితే నాకేం పరేషాన్? నా దగ్గర దాచిపెట్టుడెందుకని తిట్టిన."

అప్పట్నుంచి పాఠం కింద వరండాలోనే సాగింది. అత్త కూడా వచ్చి కూర్చునేది. కోడలికి ఉద్యోగమూ వచ్చింది. కానీ అత్త మాట ఆమె పూర్తిగా నమ్మిందా అన్నది నాకిప్పటికీ అనుమానమే. నాతో నవ్వుతూనే మాట్లాడుతుంది. ఫోను మోగితే మాత్రం వీధిలోకి వెళ్లిపోతుంది.