పదకొండు పేజీలు తక్కువ

మొన్న ఆదివారం మా కింది వాటా అమ్మాయి ఒక కాగితం పట్టుకుని మేడెక్కి వచ్చింది. అమ్మాయి అంటున్నానే గానీ, ఏడో తరగతికి వెళ్లబోయే కూతురున్న తల్లి. వాళ్లదీ మావైపే, తణుకు దగ్గర. నాగారంలో ఈ కాలనీ సగం కట్టి ఉండగానే వచ్చి చేరారు. "పిన్నిగారూ, మీరు ఇంగ్లిష్ టీచరుగా చేశారు కదా, వేసవి సెలవుల పనట, ఏమిటో కాస్త చూడండి. ఆరు పుస్తకాల్లో ఒకటి చదివి రోజూ డైరీ రాయాలట. వీటి సారాంశాలు నెట్లో దొరుకుతాయా?" అంది. కళ్లజోడు సర్దుకుని చూశాను. ఏడో తరగతి అడ్వాన్స్‌డ్ ఇంగ్లిష్ బ్యాచికి వేసవి పఠనం. జిరాక్సుకి జిరాక్సు తీసి తీసి అక్షరాలు అలికినట్టున్నాయి. అయినా రెండో పేరాలో, రోజూ డైరీ రాయండి అన్నచోట, పాలడైరీ స్పెల్లింగు పడి ఉండటం బాగానే కనబడింది. ఆ తప్పు నాది. పన్నెండేళ్ల కిందట నేను టైపు చేసిన కాగితమది. మా స్కూలు మానేసి వెళ్లిన టీచర్లెవరో తలో స్కూలుకీ మోసుకుపోయినట్టున్నారు. అడ్వాన్స్‌డ్ ఇంగ్లిష్ పిల్లలు ఇన్నేళ్లుగా పాలకేంద్రాలు రాస్తూనే ఉన్నారన్నమాట. "ఏదైనా చదివించు గానీ నాలుగోది వద్దు," అన్నాను. "ఏం, కష్టంగా ఉంటుందా?" అంది. "తెలీదమ్మా, నేనది పూర్తిగా చదవలేదు," అన్నాను. పెద్దావిడ హాస్యమాడుతోందనుకుని నవ్వి వెళ్లిపోయింది. నేను మాత్రం ఆ కాగితం తలుచుకుంటూ సాయంత్రందాకా కూర్చున్నాను.

అప్పట్లో నేను మేడ్చల్ నుంచి శామీర్‌పేట వచ్చే దారిలో ఒక ప్రైవేటు స్కూల్లో పనిచేసేదాన్ని. చుట్టూ జామతోటలుండేవి, తోటల్లో అప్పుడే ప్లాట్ల రాళ్లు పాతుతున్నారు. స్కూలు బస్సు ఒకసారి వచ్చి వెళ్తే స్టాఫ్‌రూములో టీ గ్లాసుల మీద ఎర్రటి దుమ్ము పేరుకునేది. ఆ సంవత్సరం మా యాజమాన్యానికి ఒక కోరిక పుట్టింది. ప్రతి క్లాసులోనూ ఇంగ్లిష్ బాగా వచ్చే పాతికమందిని విడదీసి అడ్వాన్స్‌డ్ బ్యాచి అని పేరు పెట్టాలని, వాళ్లకు విదేశీ స్కూళ్లలోలాగా వేసవిలో పుస్తకాలు చదివించాలని. ఆ పని నా మీద పడింది. నేను చేసిందేమిటంటే, ఇంటర్‌నెట్‌లో ఎక్కడిదో ఒక విదేశీ స్కూలు పట్టిక తీసి, అందులోంచి పేర్లు బాగున్నవి ఆరు ఎంచాను. అందులో నేను చదివినవి రెండు. మిగతావాటికి సారాంశాలు అచ్చు తీసి ఫైల్లో పెట్టుకున్నాను. ఏప్రిల్ నెలాఖరు, ఎండలు మండిపోతున్నాయి, ఎవరు చదవొచ్చారు అనుకున్నాను. పిల్లలకి మాత్రం "పుస్తకమంటే స్నేహితుడు, మధ్యలో వదిలేసి రాకూడదు" అని అరగంట ఉపన్యాసం ఇచ్చాను. చెప్పేవి శ్రీరంగనీతులు అని మావాళ్లు ఊరికే అనలేదు.

ఆ బ్యాచిలో లాల్‌గడి మలక్‌పేట్ నుంచి వచ్చే పిల్ల ఒకతె ఉండేది. సన్నగా, రెండు జడల్లో ఒకటెప్పుడూ విప్పుకుపోయి, మాట్లాడితే తన ఊరి యాసలోనే మాట్లాడుతూ, రాస్తే మాత్రం తడుముకోకుండా ఇంగ్లిష్ రాసేది. వాళ్ల నాన్న శామీర్‌పేట నుంచి వాళ్ల ఊరికి షేర్ ఆటో నడిపేవాడు. నాలుగో నంబరు పుస్తకం ఆ పిల్లకు పడింది. నది దాటించే పడవ నడుపుకునే ఒక ముసలామె, ఆ నది మీద కొత్తగా కడుతున్న వంతెన, ఇదీ కథ. కొత్త పుస్తకం ఎక్కడా దొరక్క, వాళ్ల నాన్న ఒక ఆదివారం ఆటో ఇంటి దగ్గర పెట్టి, బస్సెక్కి ఆబిడ్స్ పోయి, ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టలన్నీ తిరగేసి, కాగితం మీద రాసుకున్న పేరు ఒక్కో అక్షరం పోల్చుకుని తెచ్చాడట. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పుడు తెలిసినా ఏమనుకునేదాన్నో చెప్పలేను.

జూన్‌లో బడి తెరిచాక డైరీలు నా బల్ల మీదికి వచ్చాయి. నేను సారాంశాల ఫైలు పక్కన పెట్టుకుని దిద్దుతూ కూర్చున్నాను. ఆ పిల్ల డైరీలో రోజూ చదివిన పేజీల లెక్క, పక్కన వాళ్లమ్మ తెలుగు సంతకం, కింద నాలుగైదు వాక్యాలు ఉన్నాయి. మంచి వాక్యాలే. మా ఊరికి బస్సు పడితే మా బాపు ఆటో ఎవరెక్కుతారు అని ఒకచోట రాసింది. నేను దాని మీద ఆగలేదు. పేజీల లెక్క నూట డెబ్బయ్యారు దగ్గర ఆగిపోయింది. నా ఫైలు ప్రకారం పుస్తకం నూట ఎనభై ఏడు. తర్వాతి పేజీలో, వంతెన పూర్తయిందనీ, దాని మీద అందరికంటే ముందు ఆ ముసలామే నడిచిందనీ మొదలుపెట్టింది. నా ఫైల్లో చూస్తే ఆమె పడవ అమ్మేసి, పట్నంలో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. ఇంకేం, దొంగ దొరికింది. పుస్తకం చివరిదాకా చదవకుండా పిల్ల కథ అల్లేసిందన్నమాట. ఎర్ర పెన్నుతో అడ్డంగా గీత గీసి, డైరీ మూసి, పిల్లని పిలిపించాను.

"పుస్తకం మొత్తం చదివావా?" అని అడిగాను. ఆ పిల్ల చేతులు కట్టుకుని, "పుస్తకం తక్కువవడ్డది టీచర్. నేనే పూరా జేసిన," అంది. నేను పాతికేళ్లుగా ఈ ప్రాంతంలో ఉంటున్నదాన్నే, ఆ మాటలన్నీ నాకు తెలిసినవే. కానీ నా చెవికి ఎలా వినబడిందంటే, పుస్తకం నాకు చాలలేదు, ఇట్టే పూర్తి చేసేశాను అని గొప్పలు పోతున్నట్టు వినబడింది. "ఓహో, నీ స్థాయికి పుస్తకం చాలలేదా?" అన్నాను. స్టాఫ్‌రూములో ఇద్దరు టీచర్లు నవ్వారు. ఆ పిల్లకు ఎందుకు నవ్వారో తెలియలేదు. "డైరీల రాసిన గద టీచర్," అంది. "చూశాను, నువ్వు రాసిన ఘనకార్యం," అన్నాను. "పుస్తకం దెచ్చి సూపియ్యాల్నా?" అంది. అక్కర్లేదన్నాను. తెస్తే చూడాలి, చూస్తే అందులోంచి ఏమైనా అడుగుతుంది. ఆ భయం నాకు లోపల ఉందని ఇప్పుడు రాయగలుగుతున్నాను గానీ, అప్పుడు క్రమశిక్షణ అనుకున్నాను.

పిల్లని మామూలు సెక్షనుకి పంపించారు. నేనే రాసిచ్చాను, పంపించమని. రెండు రోజులకు తండ్రి వచ్చాడు. ఖాకీ చొక్కా మీద చెమట ఆరలేదు, ఆటో గేటు బయట ఆపి, మనుషుల్ని కూర్చోబెట్టి వచ్చాడు. "ఎండకాలమంత గా పుస్తకం మీదనే ఉన్నది మేడం. మా బామ్మర్ది పెండ్లికి వోతె గాడికి గూడ సంచిల వెట్టుకొని వచ్చింది," అన్నాడు. పేజీల లెక్క చూపించాను. సారాంశం చూపించాను. నిజాయితీ గురించి కూడా ఏదో చెప్పాను. అతను ఆ అచ్చు కాగితం వైపు గౌరవంగా చూసి, కూతురి వైపు తిరిగి, "నిజం జెప్పు బిడ్డ, పూరా సదివినవా?" అన్నాడు. "ఉన్నకాడికి సదివిన బాపు," అంది ఆ పిల్ల. "చూశారా, ఒప్పుకుంది," అన్నాను నేను. "మేడం తోని అబద్ధమాడుతవా," అని నా ముందే కసిరి, నాకు రెండు చేతులూ జోడించి వెళ్లిపోయాడు. ఆ పిల్ల ఏడవలేదు. నా వైపు చూస్తూ నిలబడింది, నేనింకేదో చెప్పవలసి ఉన్నట్టుగా. నాకప్పుడు అది పొగరనిపించింది.

దసరా ముందు గది సర్దుతూ ఆ డైరీలన్నీ పాత పేపర్ల వాడికి వేసేశాను. ఏడాది చివర, చదివేసిన కథల పుస్తకాలు లైబ్రరీకి ఇవ్వమని పిల్లల్ని అడిగితే, వచ్చినవాటిలో పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేసిన పుస్తకం ఒకటి ఉంది. లోపల ఆ పిల్ల పేరు, దానికింద నాలుగో నంబరు పుస్తకం పేరు. పరీక్షల ఇన్విజిలేషనుకి పోతూ, మూడు గంటలు గోడలు చూస్తూ కూర్చోలేక చేతిలో పట్టుకుపోయాను. నిజం చెప్పాలంటే అంత బాగుంటుందనుకోలేదు. ఆ ముసలామె మాటకారితనం, తెల్లవారుజామున నది మీద చలి, వంతెన మేస్త్రీలతో ఆమె పోట్లాటలు. పిల్లలు అడిషనల్ పేపర్లు అడుగుతున్నా వినబడనంతగా అందులో మునిగిపోయాను. నూట డెబ్బయ్యారో పేజీలో ముసలామె పడవ ఒడ్డుకు లాగి, వంతెన వైపు నడవడం మొదలుపెట్టింది. పేజీ తిప్పాను. అట్ట వచ్చింది.

దారాలు తెగి వేలాడుతున్నాయి. చివరి పేజీలు ఎప్పుడో, ఎవరి ఇంట్లోనో ఊడిపోయాయి. పుస్తకం తక్కువవడ్డది టీచర్. ఉన్నకాడికి సదివిన బాపు. ఆ పిల్ల రెండుసార్లు స్పష్టంగా చెప్పింది. లేని పేజీలు తనే పూరా చేసింది. ఆ పుస్తకాన్ని ఉన్నంతవరకూ ఒక్క అక్షరం వదలకుండా చదివిన పిల్లని, అసలు తెరవని నేను, చదవలేదని శిక్షించాను. తేలు కుట్టిన దొంగలా ఆ హాల్లో కూర్చున్నాను. వెంటనే వెళ్లి ప్రిన్సిపాల్‌కి చెబుదామనుకున్నాను. చెప్పాలంటే, నేను చదవకుండా పట్టిక వేశానని కూడా చెప్పాలి. రేపు చెబుదాం, ఫలితాలయ్యాక చెబుదాం అనుకుంటూ ఉండగా వేసవి వచ్చేసింది. జూన్‌లో ఆ పిల్ల టీసీ తీసుకుని సర్కారు బడికి వెళ్లిపోయింది. నాకు సిగ్గుతో పాటు కొంత హాయిగా కూడా అనిపించింది. అదే నన్ను ఇప్పటికీ ఎక్కువ బాధపెడుతుంది.

పోయిన కార్తీకంలో చూపు మసకేస్తోందని శామీర్‌పేటలో ఒక కంటి క్లినిక్‌కి వెళ్లాను. బరువైన ఇనుప ఫ్రేము ముక్కు మీద పెట్టి, అక్షరాల బోర్డు వెలిగించి, ఒకమ్మాయి చదవమంది. నాలుగు వరుసలు నిజంగానే చదివాను. ఆఖరి వరుస కనబడలేదు గానీ, నా ముందు పేషెంటు గట్టిగా చదువుతుంటే విన్నదాన్ని కదా, గడగడా అప్పజెప్పేశాను. "అందాజగ జెప్పకుండ్రి టీచర్, కనవడ్తెనే సదువుండ్రి," అని ఆ అమ్మాయి బోర్డు మార్చింది. టీచర్ అన్న మాట విని ఫ్రేములోంచే తేరిపార చూశాను. అదే సన్నటి మొహం. నా పేరు చీటీ మీద చూసి ముందే గుర్తుపట్టిందట. కళ్లలో చుక్కలు వేసి, అరగంట కళ్లు మూసుకు కూర్చోమంది. చెప్పడానికి అంతకంటే మంచి సమయం నాకు మళ్లీ దొరకదు, ఎదుటి మొహం చూడక్కర్లేదు. "ఆ పుస్తకం నేను చదవలేదమ్మా. చదవకుండానే నిన్ను తప్పుపట్టాను," అన్నాను.

పక్కన కుర్చీ జరిగిన చప్పుడైంది. "నాకెర్కనే టీచర్," అంది. కోపంగా అనలేదు. "డైరీల ఆఖరుకు రాసిన గద, నా పుస్తకంల ఆఖరి పేజీలు లెవ్వు, అసలు ఏమైందో మీరు జెప్పుండ్రి అని. ఇయ్యాల జెప్తరు, రేపు జెప్తరని సూస్తుంటి. సదివి ఉంటె జెప్తుంటిరి గద." నేను ఎర్ర గీత గీసి మూసేసిన తర్వాత, ఇంకో పేజీ ఉందన్నమాట. తప్పయిపోయిందమ్మా అన్నాను. ఆ మాట నా చెవికే చాలా చిన్నగా వినబడింది. "గా తర్వాత కథల పుస్తకం పట్టలె టీచర్, సదువులల్ల వడ్డ," అని, మళ్లీ తనే, "పోనీ ఇప్పుడన్న జెప్పుండ్రి, ఏమైతది ఆఖరికి?" అంది. నాకు తెలిసింది సారాంశమే. వంతెన కట్టేశారనీ, ముసలామె పడవ అమ్మి కూతురి దగ్గరికి వెళ్లిపోయిందనీ చెప్పాను. "గంతేనా," అంది. "నాదే మంచిగుండె గావొచ్చు."

"నువ్వేం రాశావు?" అని అడిగాను. నా గొంతులో ఆత్రం నాకే తెలుస్తోంది. ఆ అమ్మాయి ఆలోచించింది. "వంతెన మీదికెల్లి ముందుగాల ముసలామెనే నడుస్తది టీచర్. అవుతలి దిక్కు వోయినంక ఏదో జేస్తది. మంచిగనే రాసిన. యాదికొస్తలేదు," అంది. నాకు గుర్తున్నదీ అంతవరకే, నా గీత అక్కడే పడింది. ఇంతలో లోపలి నుంచి పిలిచారు, ఆ అమ్మాయి నా భుజం మీద చెయ్యి వేసి, కళ్లు తెరవకుండ్రి అని చెప్పి లేచి వెళ్లింది. ఆ ముసలామె వంతెన దాటి అవతల ఏం చేసిందో ఈ లోకంలో ఇప్పుడు ఎవరికీ తెలియదు. క్షమించమని అడగడానికి పన్నెండేళ్లయినా కాలం ఆగుతుందేమో గానీ, ఒక పిల్ల రాసిన పేజీని మాత్రం అది మన కోసం దాచి ఉంచదు.