కాదనగలిగే పిలుపు

మా మేనత్త పోయింది. ఆ కబురు నాకు చెప్పింది ఆమెతో జీవితమంతా పోట్లాడిన మనిషి, పక్కింటి మెయిల్ రైలు డ్రైవర్ భార్య. నేను ప్రేమ్ బజార్‌లో జిరాక్స్ షాపు ముందు నిలబడి, కాంట్రాక్టు కార్మికుల సెలవుల మీద రాసిన కరపత్రానికి కాపీలు తీయిస్తున్నాను. ఫోన్ మోగింది.

"ఒరే బావూ, మీ అత్త ఎల్లిపోనాదిరా. పొద్దున్న నానిచ్చిన టీ తాగి, అల్లం నేదని నన్ను తిట్టి, అలగే కుర్చీలో... ఇప్పుడు నాను ఎవులితో తగువాడాల్రా?"

ఎనభై దాటిన మనిషి. ఆసుపత్రి మొహం చూడకుండా, చివరి మాట కూడా పక్కింటావిడ మీద విసిరేసి వెళ్ళిపోయింది. ఏడవాల్సిన సమయంలో నాకు నవ్వొచ్చింది. కాపీలు తీస్తున్న బెంగాలీ దాదా నావైపు వింతగా చూశాడు. చూడనివ్వండి. మా అత్త గురించి ఏడుస్తూ రాయడం నా వల్ల కాదు.

ఖరగ్‌పూర్ రైల్వే కాలనీ, ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మా తెలుగువాళ్ళవి రెండు కులాలు. అసలు కులాల సంగతి కాదు, అవీ ఉన్నాయి, వాటి మీద నా తిట్లు వేరే చోట చదువుకోవచ్చు. నేను చెప్పేది గూడ్స్ ఇళ్ళు, మెయిల్ ఇళ్ళు. మెయిల్ డ్రైవర్‌కి ఏ రోజు ఏ బండి నడపాలో ముందే తెలుస్తుంది. అతని భార్యకి ఏ పూట ఎన్ని గ్లాసుల బియ్యం కడగాలో తెలుస్తుంది. గూడ్స్ డ్రైవర్ బతుకు అలా కాదు. సరుకు బండి సిద్ధమైనప్పుడు కాల్‌మేన్ సైకిలేసుకుని వచ్చి తలుపు కొడతాడు. పుస్తకంలో సంతకం పెట్టించుకుంటాడు. రెండు గంటల్లో ఇంజను దగ్గర ఉండాలి. ఎప్పుడు తిరిగొస్తాడో ఆ ఇంజనుకే తెలియదు. మా మామయ్య గూడ్స్.

అందుకని మా అత్త ఇంట్లో పండగలు క్యాలెండర్‌ని బట్టి వచ్చేవి కావు, మామయ్యని బట్టి వచ్చేవి. దీపావళినాడు ఆయన భద్రక్ వైపు ఎక్కడో, మెయిల్ బళ్ళకి దారిచ్చే పక్క పట్టాల మీద, లూప్ లైన్లో నిలబడిపోయి ఉంటే, అత్త మతాబులన్నీ డబ్బాలో పెట్టి మూత బిగించేది. ఆయన వచ్చి, స్నానం చేసి, ఓ కునుకు తీశాక, ఆ సాయంత్రం ఆ ఇంటికి దీపావళి. ఊరంతా పండగ మర్చిపోయిన రోజున ఆ ఒక్క వాకిట్లో చిచ్చుబుడ్లు వెలిగేవి. వీధి చివరి బెంగాలీ ఆవిడ కంగారుగా వచ్చి "దీదీ, ఆజ్ ఆబార్ కీ?" అని, ఇవాళ మళ్ళీ ఏం పండగని అడిగేది. "గూడ్స్ దీపావళి దీదీ, లేటు రన్నింగు!" అని అత్త పకపకా నవ్వి ఆమె చేతిలో అరిసె పెట్టేది.

మా నాన్న రైల్వే వర్క్‌షాపులో సైరన్ కూతకి పనిలోకెళ్ళి సైరన్ కూతకి ఇంటికొచ్చే మనిషి. మా ఇంట్లో అన్నీ వేళకు జరిగేవి. అయినా ఏటా నాకు రెండు దీపావళులు. రెండోదే బాగుండేదని ఇప్పుడు ఒప్పుకుంటే, పనికి వేళలుండాలనే నా సిద్ధాంతానికి వచ్చే నష్టమేమీ లేదు.

అయితే ఆ పకపకల వెనక ఉన్నదీ చెప్పాలి. అత్త పెద్దకొడుకు పుట్టిన రోజు మామయ్య లైన్ మీద, అంటే బండి నడుపుతూ ఉన్నాడు. చిన్నవాడు పుట్టిన రోజూ లైన్ మీదే. రెండుసార్లూ అత్తని రిక్షాలో ఆసుపత్రికి తీసుకెళ్ళింది పక్కింటి మెయిల్ డ్రైవర్ భార్య. "ఆ రిక్షాలో కూడా నా సీర బాగునేదని వొంకలెట్టినాది" అని అత్త జీవితాంతం చెప్పింది.

ఇక అసలు గొడవకి వస్తాను. నా కూతురు పేరు స్వేచ్ఛ. విమానం నడపడం నేర్చుకుని లైసెన్సు తెచ్చుకుంది. నిరుడు రెండు ఉద్యోగాలు ఒకేసారి వచ్చాయి. ఒకటి, చిన్న ఊళ్ళ మధ్య ప్రయాణికుల విమానాలు తిప్పే ప్రాంతీయ ఎయిర్‌లైన్స్‌లో. నెల ముందే డ్యూటీ చార్టు వస్తుంది. అవే నాలుగు ఊళ్ళ మధ్య పైకీ కిందకీ తిరగాలి. గాల్లో గంటలు తొందరగా పోగవుతాయి, రేపు పెద్ద విమానానికి దారి దొరుకుతుంది. రెండోది, ఎవరికి ఏ సరుకు అర్జెంటైతే అది పిలవగానే మోసుకెళ్ళే చిన్న కార్గో సంస్థలో. మందులు, యంత్రాల విడిభాగాలు, చేపపిల్లలు, ఏవైనా. ఫోన్ వస్తే బయలుదేరాలి. రేపు ఏ ఊరో ఇవాళ తెలియదు.

నా పక్షం ఏదో నా పాఠకులకు చెప్పాలా? పిలిస్తే పరిగెత్తే పనికి 'ఆన్ డిమాండ్' అని ఇంగ్లీషు పేరు పెట్టినంత మాత్రాన అది వెట్టి కాకుండా పోదని నేను పేజీలకు పేజీలు రాశాను. ప్రేమ్ బజార్ హాస్టళ్ళ ముందు అన్నం పొట్లాలు పట్టుకుని, ఫోన్ ఎప్పుడు మోగుతుందా అని చూసే కుర్రాళ్ళని రోజూ చూస్తున్నవాణ్ణి. యంత్రం పిలుస్తుంది, మనిషి పరిగెత్తుతాడు, దానికి వీళ్ళు పెట్టిన పేరు స్వాతంత్ర్యం! నా కూతురు ఆ వరసలో నిలబడుతుందా?

కానీ స్వేచ్ఛ మనసు కార్గో వైపే ఉంది. "నాన్నా, అవే నాలుగు ఊళ్ళయితే బస్సు నడిపినట్టే కదా" అంటుంది. చివరికి పంచాయితీ అత్త వసారాకి చేరింది.

అత్త విననైనా వినకుండానే స్వేచ్ఛ వైపు తిరిగి తీర్పు చెప్పేసింది. "సరుకే మంచిదే గుంటా. సరుకు కాఫీ అడగదు, ఫ్యాను తిరగనేదని అరవదు, కక్కదు."

"అత్తా, ఇది మెయిల్ వాళ్ళ మీద నీ పాత కక్ష. ఉద్యోగం సంగతి మాట్లాడు" అన్నాను.

గోడ అవతలి నుంచి పక్కింటావిడ గొంతు లేచింది. "సెప్పరా బావూ, గట్టిగా సెప్పు! మనుసుల్ని మోసినోడికే మర్యాద. బొగ్గు మోసినోడికి ఎవుడు దండమెడతాడు?"

"నీ మొగుడికి ఎవుడెట్టినాడే దండం? లేటైతే టీటీ ఎనకాల దాక్కునీవోడు!"

ఇలా ఓ గంట నడిచింది. నేను నా వాదన వదల్లేదు. ప్రయాణికులున్న బండి ఆగితే దేశం గోల పెడుతుంది, అదే నడిపేవాడికి రక్షణ. సరుకు బండిని లూప్‌లో పారేస్తే అడిగే దిక్కుండదు. "మామయ్య ఎన్ని పూటలు నీళ్ళు తాగి గడిపాడో నువ్వే కదా చెప్పావు?" అన్నాను. అత్త నవ్వు ఆపింది.

"అదీ నిజవే. ఆ మాట కాదనను." కాసేపు పమిట చెంగు వేలికి చుట్టుకుంది. "ఒరే, పేరేమో స్వేచ్ఛని పెట్టినావు. దాని ఉద్యోగం మాత్రం నువ్వు ఎంచుతావేటి? ఉండు, దాన్నే అడుగుతాను. సెప్పు గుంటా, డ్యూటీ దిగి ఇంటికొచ్చినాక ఆళ్ళు మళ్ళీ పిలిస్తే, రానని సెప్పొచ్చా?"

స్వేచ్ఛకి తెలియదు. నాకూ తెలియదు. నేను అడగనే లేదు.

"మీ తాత, అదే మా ఆయన, లైన్ నుంచి వొచ్చినాక రెస్టు తీరకుండా కాల్‌మేన్ వొస్తే, పుస్తకంలో 'రెస్టు అవనేదు' అని రాసీవోడు. సైకిల్ తిప్పుకుని పోవల్సిందే. ఆ ఒక్క ముక్క రాసే హక్కు కోసం యూనియనోళ్ళు ఎంత కొట్టుకున్నారో మీ నాన్నకి తెల్సు. పిలుపు తప్పు కాదే. కాదనడానికి ఈలునేని పిలుపు తప్పు. ఇద్దర్నీ అడుగు. ఇప్పుడే, నా ఎదురుగా."

స్వేచ్ఛ ఫోన్ స్పీకర్‌లో పెట్టింది. ఎయిర్‌లైన్స్ ఆవిడ గొంతు తేనెలా ఉంది. సెలవు రోజులు ఉంటాయట, కాకపోతే ఆ రోజుల్లో కూడా ఫోన్ అందుబాటులో ఉంచుకోవాలట, అవసరాన్ని బట్టి రావాలట. కార్గో ఆయన గొంతు ఇసక గరుకు. "డ్యూటీ వారాల్లో పిలిస్తే రావాలి. సెలవు వారాల్లో మేం పిలవం. పొరపాటున పిలిస్తే రానని చెప్పు, అంతే. కాయితం మీద ఉంటుంది."

అత్త నావైపు చూసి కనుబొమలెగరేసింది. అంత గొప్పగా గెలిచినట్టు మొహం పెట్టక్కర్లేదు, ఎందుకంటే కార్గోది పర్మినెంటు ఉద్యోగం కాదు, కాంట్రాక్టు. ఆ మాట అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. స్వేచ్ఛ మాత్రం కార్గోలో చేరింది. నేను అలిగి అత్త ఇంటికి వెళ్ళడం మానేశాను. కొన్నాళ్ళకి పక్కింటావిడే రాయబారం మోసుకొచ్చింది. "సమ్మె ముగిసిపోనాదట నాయకా, సేపల పులుసు సల్లారిపోతందట, రమ్మన్నాది."

వెళ్ళాను. పులుసు వేడిగానే ఉంది. "ఆకలిమీద వాదించకురా, ఓడిపోతావు. తినీసి వాదించు" అంది. తినేసి వాదించాను. ఓడిపోయాను, కానీ తృప్తిగా.

అత్త పోయిన రోజు స్వేచ్ఛ సెలవులో ఇంట్లోనే ఉంది. మధ్యాహ్నం, ఇంకా వాకిట్లోంచి పాడె లేవకముందే, ఆమె ఫోన్ మోగింది. కంపెనీ. ఒక పైలట్‌కి జ్వరమట, అర్జెంటు సరుకట, రాగలదా అని. వచ్చింది నా రోజు అనుకున్నాను. వెట్టి గురించీ చావింట్లో కూడా మోగే ఫోన్ల గురించీ నోటిదాకా వచ్చిన ప్రసంగంతో రెండడుగులు ముందుకు వేశాను. స్వేచ్ఛ "నేను సెలవులో ఉన్నాను. రాను" అంది. కారణం కూడా చెప్పలేదు. అవతల గరుకు గొంతు "సరే, సారీ" అని పెట్టేసింది. అంతే. ఆ ప్రసంగాన్ని ఎవరి మీద ఖర్చు పెట్టాలో తెలియక నేను అక్కడే నిలబడిపోయాను. స్వేచ్ఛ వెళ్ళి పాడె ఒక కొమ్ము భుజాన పెట్టుకుంది. ఆడపిల్ల పాడె మోయడమేమిటని ఎవరో గొణిగారు. హమ్మయ్య, ప్రసంగానికి మనిషి దొరికాడు.

కర్మ అయ్యాక స్వేచ్ఛ డ్యూటీకి వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున్న అత్త వసారాలో వీధి ఆడవాళ్ళంతా కూర్చుని ఉండగా ఆమె నుంచి నాకో వీడియో వచ్చింది. విమానం ఇంకా నేల మీదే ఉంది. వెనక తలుపు దగ్గర నిలబడి, లోపల వరసగా పేర్చిన అట్టపెట్టెలు చూపిస్తోంది. పెట్టెలకు చిన్న చిన్న కన్నాలు. ఆ కన్నాల్లోంచి పసుపుపచ్చ ముక్కులు. నిన్న గుడ్డులోంచి వచ్చిన కోడిపిల్లలు, ఎక్కడో కొండల అవతలి కోళ్ళఫారానికి వెళుతున్నాయి.

ఫోన్ చేతులు మారింది. పక్కింటావిడ దాన్ని ముక్కుకి ఆనించుకుని చూసి, కళ్ళు తుడుచుకుని, అత్త ఖాళీ కుర్చీ వైపు తిరిగింది. "సూడవే, సూడు! ఈళ్ళు పాసింజర్లు కాకపోతే మరేటే?"

ఎవరో సౌండు పెంచారు. కియ్ కియ్ కియ్‌మని వసారా నిండిపోయింది. ప్రహరీ మీద ఎండలో పడుకున్న పిల్లి దిగ్గున లేచి, చెవులు నిక్కబొడుచుకుని, అంతమంది ముసలమ్మల కాళ్ళ మధ్యలోంచి ఆ ఫోన్ వైపు నడిచొచ్చింది.